కోడలెత్తు బంగారం

కాజీపేట స్టేషన్లో ఒకప్పుడు బరువు చూసే యంత్రం ఉండేది. ఇప్పటి కుర్రకారుకి తెలీదుగానీ, నా ఈడువాళ్ళకి దాన్ని వర్ణించి చెప్పనక్కర్లేదు. నిలువెత్తు ఇనప్పెట్టె, లోపల గిరగిరా తిరిగే రంగుల చక్రం, చుట్టూ వెలిగి ఆరే చిన్నచిన్న బల్బులు. ఎక్కి నిలబడి, చక్రం ఆగేదాకా ఊపిరి బిగబట్టి, కన్నంలో నాణెం వేస్తే 'టక్కు'మని ఓ అట్టముక్క రాలేది. దానిమీద ఒకపక్క బరువు, రెండోపక్క జాతకం. బండి ఆలస్యమైనప్పుడల్లా (ఆలస్యం కాని బండి నాకు గుర్తులేదు) మా నాన్న ఆ యంత్రం ఎక్కేవాడు. ఆయన జాతకం పైకి చదివేవాడు, బరువు మాత్రం చూసుకునేవాడు కాదు. మా అమ్మ అట్టముక్క లాక్కుని తిరగేసి, "పోయినసారికన్నా తగ్గారు" అనేది దిగులుగా. జాతకం మాత్రం ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉండేది.

బరువునీ భవిష్యత్తునీ ఒకే అట్టముక్కకి రెండు పక్కలా ఎందుకు అచ్చు వేశారో నాకు చాలాకాలం బోధపడలేదు. అదో వేళాకోళం అనుకున్నాను. అందులో వేళాకోళం ఏమీ లేదని 2023 లో మా వీధిలో ఒక పిల్ల విషయంలో తెలిసింది. ఆ సంగతి చెబుదామనే ఇదంతా.

మాది వరంగల్లు. ఎనుమాముల మార్కెట్టుకి నడిచిపోయేంత దూరంలో మా ఇల్లు. నేను లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. అంకె కనబడితే నమ్మేసే జబ్బు నాకు ఉద్యోగంతోపాటు వచ్చింది, పెన్షన్‌తోపాటు మిగిలింది. మా ఎదురింటి ఆవిడ కొడుకు మార్కెట్లో హమాలీ. మిరపబస్తాలూ పత్తిబస్తాలూ మోస్తాడు. అతని భార్యకి, ఇద్దరు పిల్లల తల్లికి, ఆ ఏడు జూన్‌లో దగ్గు పట్టుకుంది. దగ్గుమందులు నాలుగు సీసాలయ్యాక తెమడ పరీక్ష చేయిస్తే టీబీ అన్నారు. అప్పటికి ఆ పిల్ల బరువు ముప్ఫయ్యారు కిలోలు. పాతికేళ్ళ మనిషి, ముప్ఫయ్యారు కిలోలు! మార్కెట్లో ఆమె మొగుడు ఒక్క మోతకి ఎత్తే మిరపబస్తా అంతకన్నా బరువుంటుంది.

రెండు పనులు ఒక్కరోజే జరిగాయి. పొద్దున ఆ అత్తగారు మేడారం సమ్మక్క సారలమ్మలకి మొక్కుకుంది, కోడలికి నయమైతే జాతరలో కోడలెత్తు బంగారం ఇచ్చుకుంటానని. (మేడారంలో బంగారమంటే బెల్లమని తెలియని పాఠకులు ఉంటారని కాదు. దూరదేశాల్లో ఉన్నవాళ్ళ కోసం చెబుతున్నాను. మనిషిని తూచి, అంత బరువు బెల్లం తల్లులకి ఇచ్చుకోవడం నిలువెత్తు బంగారం.) సాయంత్రం మా ఇంటికొచ్చింది.

"సారూ, మా కోడలికి ఆరు నెల్లు గోలీలు మింగాల్నట. పొల్ల మర్శిపోతది. మీ ఇంట్ల పెట్టుకోని రోజు పొద్దుగాల ఇయ్యుండ్రి" అంది.

ఒప్పుకున్నాను. రిటైరైనవాడికి ఎవరైనా పని చెబితే అదే పదివేలు. ఒక కాపీపుస్తకం కొని గళ్ళు గీశాను. తేదీ, గోలీలు, సంతకం, నెలకోసారి బరువు. ఈ జబ్బులో గోలీలు కూడా బరువుని బట్టే ఇస్తారని అప్పుడు తెలిసింది. ముప్ఫయ్యయిదు నుంచి నలభైతొమ్మిది కిలోలదాకా ఉన్నవాళ్ళకి రోజుకి మూడు, అంతకు దిగువన రెండు, పైన నాలుగు, ఇలాగ. మొదటి రెండు నెలలూ నాలుగు మందులు కలిసిన గోలీ, తరువాతి నాలుగు నెలలూ మూడు మందులది. ఒక్క కిలో అటూ ఇటూ అయితే గోలీల లెక్కే మారిపోతుందన్నమాట. నాలాంటివాడికి ఇంతకన్నా కావలసిందేముంది!

అసలీ జబ్బు పేరులోనే బరువు ఉంది చూశారా? క్షయ అంటేనే తరుగుదల. ఇంగ్లీషువాళ్ళు కూడా పాతరోజుల్లో దీన్ని మనిషిని తినేసే జబ్బు అనే పేరుతోనే పిలిచారు. మన పురాణాల ప్రకారం మొట్టమొదటి క్షయరోగి చంద్రుడు. దక్షుడి కూతుళ్ళని ఇరవయ్యేడుగురిని చేసుకుని, ఒక్క రోహిణి ఇంట్లోనే కూర్చున్నాడట. మిగతావాళ్ళు పుట్టింటికెళ్ళి చెప్పుకుంటే, మావగారు క్షీణించిపొమ్మని శపించాడు. తరువాత కాళ్ళావేళ్ళా పడితే పదిహేను రోజులు తరిగి పదిహేను రోజులు పెరిగేటట్టు రాజీ కుదిరింది. పురాణం లెక్కన చూస్తే ఆ జబ్బుకి మూలం ఇంట్లో పక్షపాతం. అసలు కారణం ఒక సూక్ష్మక్రిమి అని 1882 మార్చి 24 న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ప్రకటించాక, చంద్రుడి కథకి కాలక్షేపం విలువ తప్ప ఇంకేమీ మిగల్లేదు. నేనూ అలాగే అనుకున్నాను. కాస్త ఆగండి, మళ్ళీ చంద్రుడి దగ్గరికి వద్దాం.

ఆ పిల్ల రోజూ పొద్దున్నే వచ్చేది. తలుపు దగ్గరే నిలబడి చేయి చాపేది. మూడు గోలీలు చేతిలో పెట్టేవాణ్ణి. "ఇక్కడే వేసుకోమ్మా" అంటే, "ఉత్త కడుపుతోని మింగితే కక్కొస్తది సార్, గింత తిని మింగుత" అని పట్టుకుపోయేది. నేను పుస్తకంలో గీత కొట్టేవాణ్ణి.

రెండు నెలలు గడిచాయి. ఆగస్టులో దవాఖానాలో తూచి చీటీ రాసిచ్చారు. ముప్ఫయ్యారున్నర.

అరకిలో! రెండు నెలల మందు, నూటయెనభై పైచిలుకు గోలీలు, నా పుస్తకంలో ఒక్క గడి ఖాళీ లేదు, పెరిగింది అరకిలో. దగ్గు తగ్గిందిగదా, జ్వరం రావడంలేదుగదా అనే ఆలోచన నాకు రానేలేదు. ముల్లు చెప్పింది, నేను విన్నాను. అంకె ఎప్పుడైతే పెరగలేదో, ఎవరో ఒకరు దొంగ అయ్యుండాలి. గోలీలు దొంగవి కావు, నేను కాను. ఇక మిగిలిందెవరు?

మర్నాడు ఆ పిల్ల రాగానే అడిగేశాను. "నిజం చెప్పు బిడ్డా, గోలీలు మింగుతున్నావా, పారేస్తున్నావా?"

"మింగుతున్న సార్."

"మింగితే బరువెందుకు పెరగలేదు?"

జవాబులేదు. నేను బళ్ళో హోంవర్కు చెయ్యని పిల్లల్ని ఎలా చూసేవాణ్ణో అలా చూస్తున్నాను. ఆ పిల్ల తల వంచుకుని, గడపమీద కాలి బొటనవేలితో రాస్తూ, వినీ వినబడకుండా అంది:

"ఎర్రగ వస్తది సార్. ఒంటికి పోతే ఎర్రగ వస్తది. గోలీలు మింగితే గట్ల అయితదని డాక్టరమ్మ చెప్పింది గద. మా అత్తమ్మను అడుగుండ్రి."

అవును, అందులో రిఫాంపిసిన్ అనే మందు ఉంటుంది. అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో, ఎర్రగా వస్తుంది. నాకూ చెప్పారు, మర్చిపోయాను. ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పిన మనిషిని, కూతురువయసు పిల్ల చేత, వీధి గడపలో, ఆ సాక్ష్యం చెప్పించుకున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి అంతా వింది. ఆ పూట నాతో మాట్లాడలేదు. మర్నాడు కూడా.

ఆ వారంలోనే తెమడ పరీక్ష ఫలితం వచ్చింది. క్రిమి కనబడలేదు. మందు పని చేస్తోంది. మింగినవాళ్ళలోనే కదా మందు పని చేసేది!

పరీక్ష చూసిన డాక్టరుగారు మా వీధిలో అందరికీ తెలిసినావిడ, పేరు ఎందుకులెండి. ఆవిణ్ణి అడిగాను, "అయితే ఈ బరువు చూడటం దేనికమ్మా, తీసెయ్యొచ్చుగదా?" అని. ఆవిడ నవ్వి, "తీసెయ్యకూడదు మాస్టారూ. బరువు పెరగకపోతే ఎందుకని అడగాలి. పెరిగిందిగదా అని నమ్మేసి పరీక్ష మానెయ్యకూడదు" అంది. ఇంత చిన్న మాటలో ఎంత లాజిక్కు ఉందో! లెక్కల మాస్టారిని, నాకు తట్టలేదు.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. క్రిమిని చంపే మందు లేని రోజుల్లో డాక్టరు చేతిలో ఉన్నది విశ్రాంతి, గాలి, తిండి, ఇంతే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 లో మిషన్లవాళ్ళు పెట్టిన శానిటోరియం మన తెలుగుదేశమంతటికీ ఎరికే. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండమీద ఇంకొకటి. అలాంటిచోట్ల రోగిని పడుకోబెట్టి, పాలూ గుడ్లూ పెట్టి, క్రమం తప్పకుండా తూచేవారు. పెరిగితే పండగ, తగ్గితే గుండెల్లో రాయి. మా పెదనాన్న ఒకాయన నా చిన్నప్పుడు అలాంటిచోట ఏడాది ఉండి, బుగ్గలు పూరీల్లాగా పొంగించుకుని ఇంటికొచ్చాడు. బంధువులందరికీ భోజనాలు పెట్టారు. "ఒళ్ళు చేశాడు, ఇంకేం భయంలేదు" అన్నారు అందరూ. ఆ మరుసటేడు మళ్ళీ రక్తం పడింది. బరువు వచ్చింది గానీ క్రిమి పోలేదు. ఆయన గురించి ఇంతకన్నా చెప్పాలని లేదు.

మందులొచ్చాక 1956 లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టారు. బ్రిటిష్ వైద్యపరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన భారత వైద్యపరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం కలిసి చేసిన పని అది. పేదవాడల్లో ఉండే రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానిటోరియంలో, రెండో జట్టు వాళ్ళ ఇరుకిళ్ళల్లోనే. ఇద్దరికీ ఒకే మందులు, ఏడాదిపాటు. శానిటోరియంవాళ్ళకి మంచి తిండి, మంచం, విశ్రాంతి. ఇంటివాళ్ళకి వాళ్ళ మామూలు గంజీ చారూ, మామూలు చాకిరీ. 1959 లో ఫలితం ప్రకటించారు. శానిటోరియంవాళ్ళు బరువు బాగా పెరిగారు, ఇంటివాళ్ళు అంతగా పెరగలేదు. కానీ జబ్బు నయం కావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు! ఆ దెబ్బతో ప్రపంచమంతటా శానిటోరియాలకి తాళాలు పడ్డాయి. ఇంట్లోనే ఉండి మందులు మింగొచ్చు, సంసారం వదిలి ఏడాది కొండమీద పడుండక్కర్లేదు. ఎంత గొప్ప వరమో ఆలోచించండి. కోట్లమంది దానివల్ల బతికారు.

అయితే ప్రతి వరానికీ ఒక మెలిక ఉంటుంది. తిండి లేకపోయినా మందు క్రిమిని చంపుతుందని ఆ పరిశోధన చెప్పింది. తిండి అక్కర్లేదు అని మనం విన్నాం. ఈ రెండు మాటలూ ఒకటి కావు. పరీక్షలో ఏ కుర్రాడైనా ఇలా రాసుంటే నేను సున్నా వేసుండేవాణ్ణి. ప్రభుత్వాలూ, మనమూ అరవయ్యేళ్ళు అలాగే రాసుకుంటూ వచ్చాం.

అన్నట్టు, సరిగ్గా ఆ ఆగస్టులోనే పేపర్లో ఒక వార్త పడింది. మంగుళూరు డాక్టర్లు అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ మొదలైనవాళ్ళు జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2800 మంది టీబీ రోగులకి మందులతోపాటు నెలనెలా పది కిలోల సరుకులు ఇచ్చి చూశారు. బియ్యం, సెనగసత్తు, పాలపొడి, నూనె. వెనకటి మద్రాసు సంస్థకే ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధన సంస్థ అని పేరు, దానికీ ఇందులో భాగముంది. ఆ రోగుల్లో దాదాపు సగంమంది మరీ ఎముకలగూళ్ళు. మొదటి రెండు నెలల్లో ఒంటి బరువులో నూటికి అయిదు వంతులు పెరిగినవాళ్ళకి, పెరగనివాళ్ళతో పోలిస్తే, చావు ప్రమాదం నూటికి అరవయ్యొక్క వంతులు తక్కువ! మా కాజీపేట అట్టముక్కమీద రెండు పక్కలా అచ్చు వేసింది ఇదేనన్నమాట. అంతకుముందు 2006 లో అమెరికా, కెనడాల రోగుల మీద అచ్చయిన లెక్క కూడా ఇదే దారిలో ఉంది. బక్కగా ఉండి, మొదటి రెండు నెలల్లో ఆ అయిదు వంతులూ పెరగనివాళ్ళకి జబ్బు తిరగబెట్టడం ఎక్కువట.

పేపరు పక్కన పెట్టి కాయితమ్మీద లెక్క కట్టాను. ముప్ఫయ్యారులో నూటికి అయిదంటే కిలో ఎనిమిది వందల గ్రాములు. ఆ పిల్లకి వచ్చింది అరకిలో. ఈసారి నాకు భయం వేసింది, కోపం రాలేదు. భయం కోపంకన్నా మంచి గురువు.

ఎక్కడ పోతోంది తిండి? ఆ రోజుల్లో టీబీ రోగులకి పౌష్టికాహారం కోసం ప్రభుత్వం నెలకి అయిదు వందలు బ్యాంకులో వేసేది (2018 లో మొదలైన పథకం, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు). రోజుకి ఒక గుడ్డు తినమని డాక్టరమ్మ చెప్పింది. గుడ్లు ఆ ఇంటికి వస్తున్నాయి కూడా. నేను కళ్ళారా చూశాను. ఈసారి నేను అడగలేదు, మా ఆవిణ్ణి పంపాను. ఆవిడ వెళ్ళి గంటసేపు కూర్చుని వచ్చి చెప్పింది:

"గుడ్డు ఉడకబెట్టి పెడుతుందటండీ వాళ్ళత్త. దానిముందు పిల్లలిద్దరూ వచ్చి కూర్చుంటారట. సగం చిన్నాడికి, సగం పెద్దదానికి. తెల్లసొన రవ్వంత నోట్లో వేసుకుని 'తిన్న' అంటుందట. అత్త చూస్తూ ఊరుకోలేక తిడుతుంది, ఇది వింటూ ఊరుకుంటుంది. బళ్ళో గుడ్డు పెడతారు కదే వాళ్ళకి అంటే, బడి గుడ్డు వేరు, అమ్మ చేతిలో గుడ్డు వేరు అంటోంది. దాన్నేమంటాం?"

ఏమంటాం! మన భాషలో పంక్తిభేదం అనే మాటొకటి ఉంది. ఒకే బంతిలో కూర్చున్నవాళ్ళలో ఒకరి విస్తట్లో నెయ్యి వేసి, పక్కవాడి విస్తట్లో వెయ్యకపోవడం. అది పాపమని పెద్దలన్నారు. పెళ్ళిళ్ళలో దీనికోసం కొట్లాటలే జరిగాయి. ఇప్పుడు మనం ఆ పిల్లకి చెప్పిందేమిటి? నీ పిల్లల ముందు కూర్చుని, వాళ్ళ చూపుల ముందే, నువ్వొక్కదానివే గుడ్డు తిను అని. తినకపోతే వైద్యం వినని మొండిదానివని. ఆ పిల్లకి డాక్టరుమీద గౌరవం లేక కాదు, పంక్తిభేదం చెయ్యలేక. నేనైతే చేసేవాణ్ణా? మీరు చేసేవారా?

మంచిచెడ్డల శాస్త్రం రాసే పెద్దలు దీన్ని ఏ పద్దులో వేస్తారో నాకు తెలీదు. తల్లి తన ప్రాణం కాపాడుకోవడం పిల్లలకి చేసే మేలేగదా, కనక తినడమే ధర్మం అనొచ్చు. విమానాల్లో గాలిగొట్టం ముందు మీరు పెట్టుకుని తరువాత పిల్లలకి పెట్టండి అంటారట. బాగానే ఉంది. కానీ విమానంలో ప్రతి సీటుకీ ఒక గొట్టం ఉంటుంది కదండీ! ఒకే గొట్టం ఉన్నచోట ఏం చెయ్యాలో ఆ అమ్మాయి చెప్పదు. ఇక్కడ ఉన్నది ఒకే గుడ్డు.

జార్ఖండ్ వార్తలో రెండో సగం అప్పుడు మళ్ళీ చదివాను, మొదటిసారి పైపైన చదివి వదిలేశాను. కొన్ని ఇళ్ళల్లో రోగితోపాటు ఇంట్లో ప్రతి మనిషికీ నెలకి అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారట. ఆ ఇళ్ళల్లో మిగతావాళ్ళకి కొత్తగా క్షయ సోకడం నూటికి ముప్ఫైతొమ్మిది వంతులు తగ్గింది. ఊపిరితిత్తుల క్షయ, పరీక్షలో తేలే రకం, దాదాపు సగానికి పడిపోయింది. అంటే, గుడ్డు పిల్లలకి పెట్టి ఆ పిల్ల ఒక రకంగా వైద్యమే చేస్తోందన్నమాట, తన ఒంటితో. పిల్లలకి పెట్టడం తప్పుకాదు. ఆమెకి మిగలకపోవడం తప్పు. ఆ తప్పుని నేను రెండు నెలలపాటు ఆమె పేరున రాశాను, గళ్ళు గీసిన పుస్తకంలో.

చంద్రుడి దగ్గరికి మళ్ళీ వద్దామన్నాను గుర్తుందా? క్రిమిని కాక్ కనిపెట్టాడు, ఒప్పుకుంటాను. ఇరవయ్యేడుగురిలో ఒక్కరికే పెట్టే ఇంట్లో క్షయ పుడుతుందన్నవాడు కూడా బొత్తిగా ఏమీ తెలియనివాడు కాడు.

మా ఆవిడ ముప్ఫై గుడ్ల అట్ట ఒకటి కొని పంపింది. అత్తగారు తీసుకోలేదు. "ఫుకట్ల అద్దమ్మా" అంది. చివరికి బేరం కుదిరింది. ఆవిడ మా ఇంటికి సంక్రాంతికి సకినాలు చేసిపెట్టాలి, వానాకాలం పప్పులు చెరిగిపెట్టాలి, దానికి బదులు ఈ గుడ్లు. గుడ్లు పూటకి ఒకటి కాక మూడు ఉడికాయి. మేమేదో ఉద్ధరించామని చెప్పడం లేదు. బరువు పెరగడానికి అసలు కారణం వేరే ఉంది, అది ఆ పిల్ల మొగుడు చెప్పాడు.

ఒక సాయంత్రం అరుగుమీద కూర్చుని నా పుస్తకం చూపించాను. జూన్ ముప్ఫయ్యారు, ఆగస్టు ముప్ఫయ్యారున్నర, సెప్టెంబరు ముప్ఫయ్యేడు. అతను బీడీ ఆర్పి, నా మొహంలోకి చూసి అన్నాడు:

"వానకాలం మార్కెట్ల సరుకేముంటది సార్? మిర్చి అయిపోయె, పత్తి ఇంక రాకపాయె. బస్తా ఉంటేనే మాకు కూలి. మా ఇంట్ల అందరం తగ్గుతం ఈ మూన్నెల్లు. మమ్ముల ఎవ్వలు తూస్తలేరు గంతే."

నేను నోరు మూసుకున్నాను. రోజూ వందల బస్తాలు కాంటా ఎక్కించే మనిషి అతను. తూకం సంగతి నాకన్నా తెలుసు. పత్తిలో తేమ నూటికి ఎనిమిది వంతులుంటే పూర్తి ధర, పన్నెండుదాకా కోతతో కొంటారు, ఆ పైన కాటన్ కార్పొరేషన్ కొనదు. నీళ్ళు చల్లితే బస్తా బరువెక్కుతుంది, పత్తి పెరగదు. "మనిషికి గూడ అంతే సార్, కాళ్ళకు నీరొస్తే బరువు ఎక్కువస్తది" అన్నాడు. డాక్టరుగారితో చెబితే, నిజమే, అందుకే పాదాలు నొక్కి చూస్తాం అంది. "కాంటా అబద్ధమాడది సార్, బస్తా ఆడుతది" అని అతని సామెత. నేను ఇంకొకటి చేరుద్దామనుకున్నాను గానీ ఊరుకున్నాను. మార్కెట్లో రైతైనా అడ్తిదారైనా కాంటా వైపు ఇద్దరూ చూస్తారు. ముల్లు ఆగినచోట ఇద్దరూ పోట్లాడతారు. దవాఖానాలో కాంటామీద నిలబడేది ఒక్కరే, అంకె చదివేది అవతలివాళ్ళు, పోట్లాట ఉండదు.

దసరా వెళ్ళాక ఎనుమాములకి పత్తి రావడం మొదలైంది. ట్రాక్టర్లు మా వీధి చివరదాకా బారులు తీరాయి. అతనికి రోజూ కూలి పడింది. అక్టోబరులో ఆ పిల్ల బరువు ముప్ఫయ్యెనిమిది. నవంబరులో ముప్ఫైతొమ్మిదిన్నర. మార్కెట్ కాంటామీద బస్తాలు పెరిగినకొద్దీ దవాఖానా కాంటామీద మనిషి పెరిగింది. మందులు అవే, మూడు గోలీలే. డిసెంబరులో ఆరు నెలలు నిండాయి, తెమడ మళ్ళీ శుభ్రంగా ఉంది, బరువు నలభయ్యొకటి. దవాఖానా పుస్తకంలో 'నయమైంది' అని రాశారు.

ఆగస్టులో పత్తి లేకపోయినా, గుడ్లు రాకపోయినా, నలభయ్యొకటి కాక ముప్ఫయ్యేడు దగ్గరే ఆ పిల్ల ఆగిపోయినా, తెమడ శుభ్రంగా ఉంటే అదే మాట రాసేవారు. మాట తప్పని కాదు. తమిళనాడులో తిరువళ్ళూరు జిల్లాలో వైద్యం ముగిసేసరికి రోగులు సగటున మూడు కిలోలు, ఆపైన కొంచెం పెరిగారని 2009 లో అచ్చయిన లెక్క ఒకటుంది. సగటు అంటే కొందరు ఆరు పెరిగారు, కొందరు అసలు పెరగలేదు. ఆ పెరగనివాళ్ళు కూడా పుస్తకంలో నయమైనవాళ్ళే. పుస్తకం మూసేశాక వాళ్ళని ఎవరు తూస్తున్నారో!

నా కాపీపుస్తకం కూడా మూసేశాను. ఆఖరి గడిలో ఆ పిల్ల చేత సంతకం పెట్టించాను. ఆగస్టు నాటి మాట గురించి క్షమించమని అడుగుదామనుకుని గొంతు సవరించుకున్నాను. "మంచిది సార్, పోయొస్త" అని వెళ్ళిపోయింది. ఆ మాట ఇంకా నా గొంతులోనే ఉంది.

2024 ఫిబ్రవరి 21 నుంచి జాతర. దానికి వారం ముందు అత్తగారు నన్ను బీటుబజారుకి తోడు రమ్మంది, తూకంలో మోసం జరక్కుండా లెక్క చూడటానికి. మొక్కుకున్ననాడు ముప్ఫయ్యారు కిలోలు, ఇప్పుడెంతో. వీధిలోవాళ్ళు అప్పటికే ఆటపట్టిస్తున్నారు, "కోడలు ఒళ్ళు చేసింది, నీకు ఖర్చు పెరిగింది" అని. "పెరగనియ్యి, నా కోడలే గద" అని ఆవిడ సమాధానం.

బెల్లం దుకాణంలో కాంటా కింద ఈగలు ముసురుతున్నాయి. కోడలు చెప్పులు విడిచి ఎక్కింది. చిన్నాడు తల్లి మెడ పట్టుకుని దిగనన్నాడు. దుకాణదారు విసుక్కుని, "పిల్లగాన్ని దింపమ్మా, తూకం తప్పొస్తది" అన్నాడు.

పిల్లాణ్ణి అందుకుందామని నేను చేతులు చాచాను. అత్తగారు నా చేతులు పక్కకి తోసేసింది.

"ఉండనియ్యి. దాని నోటికాడి కూడు తినే వాడు గంతైండు" అంది.

కాంటామీద యాభయ్యారు చూపించింది. దుకాణదారు నావైపు చూశాడు. నేను తలూపాను. ఇంకో రెండు ముద్దలు తీసి వేశాడు.